అరోరా రంగులు కెమెరాకు చిక్కాలంటే: ఆర్కిటిక్ రాత్రికి సమగ్ర మార్గదర్శి

ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో తెరలా ఆడే రంగుల వెలుగే అరోరా. దాన్ని ఫోటో తీయడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి 15 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే ఏదో ఒకటి పడుతుంది. ఆ ఏదో ఒకటి ఎలా ఉంటుందంటే, ఆకాశం నిండా ఒకే ఆకుపచ్చ, గోడకు రంగు వేసినట్టు. అంచున తళుక్కుమన్న గులాబీ జాడ ఉండదు. పైన పరుచుకున్న ఎరుపు మట్టిరంగుకు తిరిగిపోయి ఉంటుంది. నా మొదటి రెండు రాత్రుల ఫోటోలు అచ్చం ఇలాగే వచ్చాయి. ఆకాశంలో రంగులకు కొదవ లేదు, వాటిని కలిపేసింది నేనే. అందుకే ఈ వ్యాసం అంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది: ఉన్న రంగుల్ని చెడగొట్టకుండా ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

ముందు రంగుల లెక్క

నేరుగా సెట్టింగుల్లోకి దూకాలని మీకు ఉంటుందని తెలుసు. కానీ ఈ నాలుగు ముక్కలు తెలిస్తే ఏ సెట్టింగు ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

సూర్యుడి నుంచి వీచే కణాల గాలి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదుపుతుంది. ఆ కుదుపులో వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు ధ్రువాల దగ్గర పైవాతావరణంలోకి దూసుకొచ్చి ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను ఢీకొంటాయి. దెబ్బ తిన్న పరమాణువు ఆ శక్తిని వెలుగు రూపంలో వదిలించుకుంటుంది.

మనకు ఎక్కువగా కనిపించే ఆకుపచ్చ 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ పరమాణువులు ఇచ్చేది. దాని తరంగదైర్ఘ్యం 557.7 నానోమీటర్లు. దెబ్బ తిన్న పరమాణువు ఈ వెలుగు వదలడానికి సుమారు ముప్పావు సెకను తీసుకుంటుంది. ఎరుపు కూడా ఆక్సిజన్‌దే, 630 నానోమీటర్లు. కాకపోతే దానికి దాదాపు రెండు నిమిషాల తీరిక కావాలి. కింద గాలి చిక్కగా ఉన్నచోట ఆ రెండు నిమిషాల్లోపే పక్కవాటిని గుద్దుకుని శక్తి పోగొట్టుకుంటుంది. అందుకే గాలి బాగా పలచబడిన చోట, 200 కిలోమీటర్లకు పైన మాత్రమే ఎరుపు కనిపిస్తుంది. ఇక నైట్రోజన్ ఏమాత్రం ఆగదు. నీలం, ఊదా ఇచ్చేది అదే. ఎలక్ట్రాన్లు మంచి ఊపు మీదుండి 100 కిలోమీటర్ల దిగువకు చొచ్చుకొచ్చినప్పుడు తెర అడుగున చీర అంచులా గులాబీ గీత మెరిపించేదీ అదే.

ఫోటో తీసేవాడికి ఇందులో పనికొచ్చేది ఏమిటి? ఎరుపు నిదానం. మసకగా, విశాలంగా ఉంటుంది, కదలదు. దానికి ఎక్కువసేపు షట్టర్ తెరవాలి. గులాబీ అంచు చురుకు. కాంతి ఎక్కువ, ఆయుష్షు సెకన్లు. దానికి షట్టర్ టక్కున మూయాలి. రెండూ ఒకే ఫ్రేములో ఎప్పుడూ బాగా రావు. ఆ నిమిషంలో ఆకాశం ఏది ఇస్తోందో చూసి, దేని కోసం తీస్తున్నామో మనమే తేల్చుకోవాలి.

ఈ ఎత్తుల లెక్కలు తేల్చడంలో ఫోటోలదే పెద్ద పాత్ర. మార్టిన్ బ్రెండెల్ అనే జర్మన్ 1892 జనవరిలో ఉత్తర నార్వేలోని బోసెకోప్‌లో అరోరాను ఫోటోలో పట్టాడు. 1910లో నార్వే శాస్త్రవేత్త కార్ల్ స్టోర్మర్ అదే ఊరికి వెళ్లి, రెండు చోట్ల కెమెరాలు పెట్టి, టెలిఫోన్‌లో మాట్లాడుకుంటూ ఒకేసారి తీయించి, వెనకున్న నక్షత్రాలతో పోల్చి ఎత్తు కట్టాడు. గాజు పలకల మీద. ఆ చలిలో. మనం బ్యాటరీ అయిపోయిందని విసుక్కునేటప్పుడు ఆయన్ని ఒకసారి తలచుకోవాలి.

ఎక్కడ, ఎప్పుడు

అరోరా ధ్రువం నెత్తిన ఉండదు. అయస్కాంత ధ్రువం చుట్టూ ఒక వలయంలా ఉంటుంది. నార్వేలో ట్రోమ్సో, స్వీడన్‌లో కిరునా, అబిస్కో, ఫిన్లాండ్‌లో ఇవాలో, ఇనారి, ఇవన్నీ ఆ వలయం కిందే ఉంటాయి. ఆర్కిటిక్ వృత్తానికి కొంచెం దక్షిణంగా ఉన్నా అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్, కెనడాలోని ఎల్లోనైఫ్ కూడా దాని కిందకే వస్తాయి.

కొత్తవాళ్లు కేపీ సూచీ పట్టుకుని కూర్చుంటారు. 0 నుంచి 9 దాకా ఉండే ఆ అంకె వలయం ఎంత దక్షిణానికి జారిందో చెబుతుంది. మీరు ట్రోమ్సోలో ఉన్నప్పుడు కేపీ 2 ఉన్నా నెత్తిమీద నాట్యం చూడొచ్చు. ఆర్కిటిక్‌లో అసలు శత్రువు మేఘం. కాబట్టి మేఘాల సూచన ముందు చూడండి, కేపీ తర్వాత. అబిస్కోకు అంత పేరు రావడానికి కారణం కూడా ఇదే. పడమటి పర్వతాలు తడిగాలిని అడ్డుకోవడంతో చుట్టూ మబ్బు పట్టినా అక్కడి ఆకాశం తరచూ విచ్చుకుని ఉంటుంది.

నేను కేపీ కన్నా బీజెడ్‌ను నమ్ముతాను. సూర్యుడి గాలితో వచ్చే అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందో దక్షిణానికి ఉందో అది చెబుతుంది. మైనస్‌లోకి, అంటే దక్షిణానికి, దిగి అలాగే నిలబడితే బయల్దేరవచ్చు. దాన్ని కొలిచే ఉపగ్రహాలు భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల ఉంటాయి. గాలి సెకనుకు 400 కిలోమీటర్లతో వస్తుంటే మనకు దాదాపు గంట వ్యవధి దొరుకుతుంది. బూట్లు వేసుకుని, కారు అద్దాల మీద మంచు గీకడానికి అది చాలు.

నెలల సంగతి. ఆగస్టు చివర నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా రాత్రులు పనికొస్తాయి. మధ్యలో సెప్టెంబరు, మార్చి నెలల మీద నాకు మక్కువ ఎక్కువ. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల చుట్టుపక్కల భూమి అయస్కాంత క్షేత్రం సూర్యుడి గాలికి తేలిగ్గా లొంగే కోణంలో ఉంటుంది. సెప్టెంబరులో సరస్సులు ఇంకా గడ్డకట్టవు కాబట్టి నీళ్లలో ప్రతిబింబం దొరుకుతుంది. ఇంకో బోనస్ కూడా ఉంది: సంధ్య పూర్తిగా పోకముందే అరోరా మొదలైతే, దాని పైకొసలు ఇంకా సూర్యకాంతిలోనే ఉంటాయి. ఆ కొసల్లోని నైట్రోజన్ అయాన్లు ఎండ తగిలి నీలిఊదా రంగు తేలతాయి. నడిరాత్రి ఎంత వెతికినా దొరకని రంగు అది.

నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్బార్డ్ దీవులు మాత్రం వేరే కథ. రాత్రిపూట అరోరా వలయం ఆ దీవులకు దక్షిణంగా ఉండటంతో అక్కడ అరోరా కోసం తరచూ దక్షిణం వైపు చూడాలి. నడిచలికాలంలో మధ్యాహ్నం కూడా చీకటే కాబట్టి పగటి అరోరా కనిపిస్తుంది. అది తక్కువ శక్తిగల ఎలక్ట్రాన్లతో వచ్చేది, అందుకే ఎరుపు పాలు ఎక్కువ. ఎరుపు కోసమే వెళ్లేవాళ్లకు అంతకన్నా మంచి చోటు లేదు. కానీ అక్కడ ఊరి పొలిమేర దాటితే ధ్రువపు ఎలుగుబంట్లు ఉంటాయి. ఆయుధమున్న గైడు లేకుండా చీకట్లో ట్రైపాడ్ పట్టుకుని తిరగకండి.

చంద్రుణ్ణి తిట్టుకోనక్కర్లేదు. సగం చంద్రుడుంటే మంచు మీద వెలుగు పడి కొండలు, చెట్లు కనిపిస్తాయి. పున్నమి మాత్రం పలచటి ఎరుపును మింగేస్తుంది.

సంచిలో ఏముండాలి

అన్నీ చేత్తో మార్చుకునే వీలున్న కెమెరా, 14 నుంచి 24 మి.మీ. మధ్య వెడల్పాటి లెన్స్. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగు లోపలికి తీసుకుంటుంది. ఎఫ్/2.8 కనీసం, ఎఫ్/1.8 లేదా ఎఫ్/1.4 దొరికితే రంగుల విషయంలో అదే మీ అదృష్టం. ఎఫ్/2.8తో 8 సెకన్లలో వచ్చే వెలుగు ఎఫ్/1.4తో 2 సెకన్లలో వస్తుంది. కదిలే తెరకు ఆ తేడా ప్రాణం. కొత్త కెమెరాకు పెట్టే డబ్బు నేనైతే లెన్స్‌కే పెడతాను.

బరువైన ట్రైపాడ్, కనీసం మూడు బ్యాటరీలు, ఎర్ర లైటున్న హెడ్‌ల్యాంప్, లోపల పలచటి గ్లౌజులు, వాటిపైన మందపాటివి. ఇంతే.

లెన్స్ ముందు యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి. ఇది మామూలు సలహా అనుకుని నేను వదిలేశాను. మర్నాడు కంప్యూటర్‌లో చూస్తే ప్రతి ఫోటో నడుమ, నీళ్లలో రాయి వేసినట్టు, ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రటి చారలు. అరోరా ఆకుపచ్చ ఒకే ఒక్క తరంగదైర్ఘ్యంలో ఉండటం వల్ల, ఫిల్టర్ అద్దపు రెండు తలాల మధ్య అటూఇటూ తగిలి అలా చారలు కడుతుంది. తీసిన తర్వాత వాటిని పోగొట్టడం ఎవరి తరమూ కాదు.

గదిలోనే చేసుకోవాల్సిన పని

బయట మైనస్ 20లో మెనూ వెతుకుతూ నిలబడకూడదు. గదిలో ఉండగానే మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. ఫైలు 'రా'లో (కెమెరా పట్టింది పట్టినట్టు దాచే రకంలో) ఉండాలి, జేపీఈజీ ఒక్కటే అయితే రంగులు దిద్దుకునే వీలు చాలావరకు పోతుంది. వైట్ బ్యాలెన్స్ (తెలుపు ఏదో కెమెరాకు చెప్పే సెట్టింగు) ఆటోలో వద్దు. ఆకాశం పచ్చబడేకొద్దీ కెమెరా దాన్ని తప్పనుకుని సరిదిద్దాలని చూస్తుంది, ఫ్రేము ఫ్రేముకూ రంగు మారిపోతుంది. 3800 కెల్విన్ దగ్గర కట్టేయండి. ఫోటోలో పడే చుక్కల్ని (నాయిస్) తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే 10 సెకన్ల ఫోటో తర్వాత ఇంకో 10 సెకన్లు కెమెరా మీ మాట వినదు. ట్రైపాడ్ మీద, చేతి వణుకు సరిదిద్దే స్టెబిలైజేషన్ కూడా అక్కర్లేదు. రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి.

చివరగా, వెనక స్క్రీన్ వెలుగు బాగా తగ్గించండి. చిమ్మచీకట్లో ఆ స్క్రీన్ అబద్ధం చెబుతుంది. అందులో ధగధగలాడిన ఫోటో ఇంటికొచ్చాక బొగ్గులా ఉంటుంది.

తర్వాత లైటు ఆర్పేసి, గ్లౌజులు వేసుకుని, షట్టర్, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) చూడకుండా మార్చడం పది నిమిషాలు సాధన చేయండి. నవ్వొస్తుంది, కానీ బయట వేళ్లకు ఇదే గుర్తుంటుంది.

ఫోకస్

పాడైన అరోరా ఫోటోల్లో సగం ఇక్కడే పాడవుతాయి. ఆటోఫోకస్ చీకట్లో అటూఇటూ తిరిగి ఓడిపోతుంది. లెన్స్ మీద అనంతం గుర్తు దగ్గర పెట్టినా సరిగ్గా కుదరదు. కెమెరాను అరగంట ముందే బయట పెట్టి లెన్స్ చల్లబడనివ్వండి. చలికి ఫోకస్ కొద్దిగా జరుగుతుంది. వెనక స్క్రీన్ మీద లైవ్ వ్యూలో కాస్త మెరిసే నక్షత్రాన్ని పట్టుకుని పదింతలు పెద్దది చేయండి. మాన్యువల్ ఫోకస్‌లో రింగును నెమ్మదిగా తిప్పుతుంటే ఉబ్బి ఉన్న చుక్క సన్నబడుతూ వస్తుంది, ఒక బిందువు దాటాక మళ్లీ ఉబ్బడం మొదలవుతుంది. ఆ బిందువుకు వెనక్కి వచ్చి, రింగు మీద చిన్న టేపు ముక్క అంటించండి. గంటకోసారి మళ్లీ చూసుకోండి.

షట్టర్: అసలు ఆట ఇక్కడే

మొదటి ఫోటో ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600, 8 సెకన్లు. ఇది జవాబు కాదు, ప్రశ్న. ఆకాశంలో బూడిదరంగు మబ్బులా ఉన్నది మబ్బా, అరోరానా అని ఇది తేలుస్తుంది. మసక వెలుగులో మన కంటికి రంగు తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. స్క్రీన్‌లో ఆకుపచ్చగా వస్తే సరైన చోటే ఉన్నారు.

ఇక్కడి నుంచి ఆకాశం ఒక క్రమంలో నడుస్తుంది. ఆ క్రమం తెలిస్తే చేతులు ముందే సిద్ధమవుతాయి.

మొదట ఒక చాపం. ఆకాశానికి అడ్డంగా, కదలిక లేకుండా, అరగంటో గంటో అలా ఉంటుంది. ఈ దశలో 8 నుంచి 15 సెకన్లు, ఐఎస్ఓ 1600 నుంచి 3200. పైన ఎరుపు ఉంటే దాన్ని తీసే సమయం ఇదే, ఎందుకంటే చాపం, ఎరుపు రెండూ నిలకడగానే ఉన్నాయి. చాలామంది దీన్ని చూసి "ఇంతేనా" అని కారెక్కేస్తారు.

తర్వాత చాపం అడుగంచు పదునెక్కుతుంది. నిలువు గీతలు లేస్తాయి, అవి పక్కకు నడవడం మొదలెడతాయి. అప్పుడు షట్టర్‌ను 4 సెకన్లకు తగ్గించండి. మడతలు విడివిడిగా కనిపించాలంటే తెర ఒక మడత దూరం జరిగేలోపు షట్టర్ మూసుకోవాలి. కంటితో చూస్తూ లెక్కపెట్టండి: ఒక గీత పక్క గీత స్థానంలోకి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో అంతకన్నా తక్కువ పెట్టండి. నేను ఏ పట్టికా చూడను, ఈ లెక్కే.

ఆపైన విస్ఫోటం. చాపం ఒక్కసారిగా భగ్గుమని విరిగి, నిమిషంలోపే ఆకాశమంతా పరుగెత్తుతుంది. వెలుగు పదింతలకు మించి పెరగవచ్చు. గులాబీ అంచు వచ్చేది ఇప్పుడే. షట్టర్ 1 లేదా 2 సెకన్లు, మంచి లెన్స్ ఉంటే అర సెకను. ఇక్కడ పాత సెట్టింగుతో ఉండిపోయినవాళ్లకు తెల్లటి ముద్ద మిగులుతుంది. హిస్టోగ్రామ్‌లో (వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫు, దాని కుడి కొస పూర్తి తెలుపు) మూడు రంగుల్నీ విడివిడిగా చూపించే ఐచ్ఛికం పెట్టుకుని ఆకుపచ్చను గమనించండి. అది కుడిగోడకు తగిలిందంటే అక్కడ గులాబీ, పసుపు అన్నీ తెలుపులోకి పోయినట్టే. ఎరుపు, నీలం సరిగ్గానే ఉన్నా లాభం లేదు. చీకటిగా వచ్చిన ఫోటోను రా ఫైలులో కొంత లేపొచ్చు, తెల్లబడినదాన్ని ఏం చేసినా తిరిగి రాదు. అందుకే అనుమానం వస్తే ఒక మెట్టు తక్కువే.

తెర సరిగ్గా నెత్తిమీదికి వచ్చినప్పుడు గీతలన్నీ ఒకే చోట నుంచి విచ్చుకున్నట్టు కిరీటంలా కనిపిస్తుంది. దాన్నే కరోనా అంటారు. కెమెరాను నేరుగా పైకి తిప్పండి. తల ఎత్తి నోరు తెరుచుకుని నిలబడిపోయి ఫోటో మరిచిపోయిన రాత్రులు నాకు రెండున్నాయి, వాటి గురించి బాధ లేదు.

చివర్లో ఆకాశం నిండా మచ్చలు మిణుకుతాయి, ఒక్కొక్కటి కొన్ని సెకన్లకోసారి వెలిగి ఆరుతూ. ఫోటోకు ఇది పెద్దగా లొంగదు. వేళ్లు వెచ్చచేసుకోండి. మరో చాపం లేవొచ్చు.

కింద ఏముంది?

ఆకాశం ఒక్కటే ఉన్న ఫోటోకు పరిమాణం తెలియదు. పగలే వెళ్లి చోటు చూసుకోండి. నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో ఉటక్లైవ్, స్కాగ్‌సాండెన్ లాంటి తీరాల్లో అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక అద్దంలా ఉంటుంది. కెమెరాను మోకాలెత్తుకు దించితే అరోరా రెండుసార్లు దొరుకుతుంది. ఫిన్నిష్ లాప్లాండ్‌లో మంచు మోసి వంగిన చెట్లు మనుషుల్లా నిలబడతాయి. అబిస్కోలో లాపోర్టెన్ లోయ చాలా అందం, కానీ అది ఆగ్నేయ దిక్కున ఉంటుంది. అటువైపు వెలిగే దాకా ఓపిక పట్టాలి.

మనిషిని పెడితే రెండు సెకన్లపాటు ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడమనండి. టార్చి వేయక్కర్లేదు, ఆకాశం ముందు నీడలా ఉంటేనే బాగుంటుంది. మీ పక్కవాళ్ల ఫ్రేములోకి తెల్ల లైటు కొట్టడం ఆ చీకట్లో పెద్ద అమర్యాద. రోడ్డు మీద కారు ఆపడం అంతకన్నా పెద్ద తప్పు, ప్రమాదం కూడా.

మంచులో ట్రైపాడ్ కాళ్లను గట్టి నేల తగిలేదాకా నొక్కండి, లేకపోతే ఫోటో మధ్యలో కుంగుతుంది. చెక్క వంతెనల మీద ఎవరైనా నడిస్తే కెమెరా వణుకుతుంది. గడ్డకట్టిన సరస్సు మీదికి అక్కడివాళ్లు సరేనన్న తర్వాతే అడుగు పెట్టండి.

చలితో

చలికి బ్యాటరీ బలం పడిపోతుంది. మిగతా బ్యాటరీల్ని ఒంటికి ఆనుకుని ఉండే జేబులో ఉంచి మారుస్తుండండి. అయిపోయిందన్నది వెచ్చబడ్డాక మళ్లీ కొంతసేపు పనిచేస్తుంది. కెమెరా వైపు ఊపిరి వదలకండి, ఆ తేమ లెన్స్ మీద మంచుపొర కడుతుంది. చేతులు వెచ్చచేసుకునే వార్మర్ ప్యాకెట్ ఒకటి రబ్బరు బ్యాండుతో లెన్స్ గొట్టానికి కట్టుకుంటే ఆ బెడద తగ్గుతుంది. ఇనుప వస్తువుల్ని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు.

తిరిగొచ్చేటప్పుడు, తలుపు తీయకముందే మెమరీ కార్డు తీసుకోండి. కెమెరాను బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి చొరబడకుండా మూసేసి లోపలికి తీసుకెళ్లండి. గది వేడికి వచ్చేదాకా, అంటే రెండు మూడు గంటలు, తెరవకండి. లేదంటే గదిలోని తేమ అంతా కెమెరా లోపలా బయటా నీళ్లయి కూర్చుంటుంది. కార్డు ముందే ఎందుకు తీయమన్నానో ఆ మూడు గంటలు గడిపినవాళ్లకు తెలుసు.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు: చిన్న ట్రైపాడ్, ప్రో మోడ్, 3 నుంచి 8 సెకన్లు, ఫోకస్ అనంతం దగ్గర, వీలుంటే రా. నైట్ మోడ్ చాలా ఫ్రేములు కలిపి ఒకటి చేస్తుంది కాబట్టి పరుగెత్తే తెర అందులో నురగలా తయారవుతుంది.

కంప్యూటర్ ముందు

ఆ రాత్రే దిద్దకండి, చీకటికి అలవాటుపడ్డ కళ్లు మోసం చేస్తాయి. పగలు కూర్చుని ముందు వైట్ బ్యాలెన్స్ చూడండి. నక్షత్రాలు కొన్ని తెల్లగా, కొన్ని నీలంగా, కొన్ని పసుపుగా ఉంటే దాదాపు కుదిరినట్టే. అన్నీ ఒకే రంగులో ఉన్నాయంటే ఎక్కడో తప్పింది. రంగుల గాఢత పెంచే శాచురేషన్ మీటను ముట్టుకోవాలనిపిస్తే ముందు ఆకుపచ్చను కొంచెం తగ్గించి చూడండి. ఎరుపును పెంచడం కన్నా, దాన్ని తొక్కిపట్టిన ఆకుపచ్చను తగ్గిస్తే ఆ ఎరుపు తనంతట తానే పైకి తేలుతుంది. నాయిస్ తగ్గించేటప్పుడు సన్నటి నిలువు గీతలు చెరిగిపోకుండా చూసుకోండి.

ఇక మంచు. ఫోటోలో మంచు పచ్చగా కనిపించగానే చాలామంది దాన్ని తెల్లగా మార్చేస్తారు. విస్ఫోటం వేళ తీసినదైతే అలా వదిలేయండి. ఆ నిమిషంలో నిజంగానే మంచు పచ్చగా ఉండింది, మీ గ్లౌజుల మీదా అదే రంగు పడింది.